దూరపు యుద్ధము, దగ్గరి పద్దు

2022 మార్చి మొదటి దినములలో, హైదరాబాదులో మేము నెల సరకులు తెచ్చుకొను కిరాణా కొట్టులో, గల్లాపెట్టెకు పైన ఒక అట్టముక్క వ్రేలాడుచుండెను. "సన్‌ఫ్లవర్ నూనె మనిషికి రెండు ప్యాకెట్లే" అని దానిపై నీలి సిరాతో వ్రాసి యుండెను. నా ముందు నిలిచిన పెద్దామె మూడవ ప్యాకెట్టును సంచిలో వేయబోగా కొట్టు యజమాని చేయి అడ్డము పెట్టి, "పెద్దమ్మా, రెండే ఇస్తం. ఉక్రెయిన్‌ల లడాయి అయితుంది, మాల్ వస్తలేదు" అనెను. "ఆడెక్కడనో లడాయి అయితే నా కడాయిల నూనె ఎట్ల తక్కువైతది కొడుకా?" అని ఆమె అడిగెను. అతడు సమాధానము చెప్పలేదు. రెండు ప్యాకెట్లకు లెక్క కట్టి, చిల్లర ఆమె చేతిలో పెట్టెను.

ఆమె ప్రశ్నకు సగము సమాధానము సులభమైనది. యుద్ధమునకు పూర్వము ప్రపంచ విపణికి వచ్చు పొద్దుతిరుగుడు నూనెలో ఇంచుమించు సగము ఉక్రెయిన్ నుండియే బయలుదేరెడిది. భారతదేశము దిగుమతి చేసికొను ఆ నూనెలో పదింట ఏడు పాళ్లు అప్పుడు అచటివే. మనము వాడు వంటనూనెలలో సగమునకు పైగా విదేశములనుండి తెచ్చుకొనునవే గనుక, ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సేనలు ఉక్రెయిన్ సరిహద్దును దాటి, నల్లసముద్రపు రేవులు మూతపడినంతనే, ఒడెస్సాలో ఓడకెక్కవలసిన నూనె కాకినాడకును కృష్ణపట్నమునకును రాక, లీటరు ప్యాకెట్టు ధర రెండు వందల రూపాయల దరికి ప్రాకినది. అందరును పామాయిలు వైపు తిరిగిరి. అంతట ఇండోనేషియా, తన ప్రజలకే వంటనూనె అందకున్నదని, ఏప్రిల్ 28వ తేదీన పామాయిలు ఎగుమతులను నిషేధించి, మే 23 వరకు తలుపు తీయలేదు. ఒక దేశము యుద్ధము చేయగా, ఆ యుద్ధముతో ఏ ప్రమేయమును లేని మరియొక దేశము తన ఇంటి శాంతికై గడియ పెట్టుకొనగా, మూడవ దేశపు వంటింట నూనె గరిటె చిన్నదయ్యెను.

మిగిలిన సగము సమాధానము క్లిష్టమైనది. సరకు కొరతపడుట యుద్ధము వలననే కావచ్చును. కాని ఆ కొరత వెలను ఎవరు చెల్లించవలెనను నిర్ణయము యుద్ధభూమిలో జరుగదు, స్వదేశపు సచివాలయములో జరుగును. సుంకము తగ్గించి ఖజానాయే ఆ భారమును మోయవచ్చును. ఎగుమతిని నిషేధించి రైతు చేత మోయింపవచ్చును. వడ్డీ పెంచి అప్పు తీసికొన్నవాని మెడకు చుట్టవచ్చును. ఏమియు చేయక ఊరకుండి కొనువాని నెత్తిననే వదలివేయవచ్చును. గడచిన కొన్ని సంవత్సరముల యుద్ధములను, వాటి నీడలో నడచిన దేశముల ఆర్థిక రాజకీయములను ఈ దృష్టితో పరిశీలించినచో, ప్రభుత్వములు నిలిచినను కూలినను, అందుకు యుద్ధపు తీవ్రత కంటె ఆ భారమును పంచిన తీరే పెద్ద కారణముగా నాకు కనబడుచున్నది.

ఇది నేటి విశేషము కాదు. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురును ఆయుధముగా పట్టినప్పుడు బ్యారెలు మూడు డాలర్ల దగ్గర ఉండిన ధర జనవరి నాటికి పదకొండు దాటెను. బంగ్లాదేశ్ యుద్ధముతోను, కోటి మంది శరణార్థుల పోషణతోను, 1972 నాటి అనావృష్టితోను అప్పటికే నడుము వంగియున్న భారతదేశములో టోకు ధరల పెరుగుదల 1974–75లో 25 శాతమును ముట్టెను. 1974 మే నెలలో రైల్వే కార్మికులు సమ్మెకు దిగిరి. మరుసటి సంవత్సరము జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చెను. చమురే దానిని తెచ్చెనని చెప్పుట అతిశయోక్తి. చమురునకు దానితో సంబంధమే లేదనువాడు ఆనాటి రేషను దుకాణము ముందు నిలువనివాడు.

1990 నాటి కథ మనకు మరింత దగ్గరిది. ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైట్‌లో ప్రవేశించిన పిమ్మట రమారమి 1,70,000 మంది భారతీయులను విమానములపై ఇంటికి చేర్చవలసి వచ్చెను. వారిలో తెలుగువారును ఉండిరి. వారు నెలనెల పంపు సొమ్ము ఆగినది, చమురు బిల్లు పెరిగినది. ఈ రెండు దెబ్బలును దశాబ్దముగా పేరుకొన్న అప్పులపై పడగా, 1991 జూన్ నాటికి మన వద్ద మిగిలిన విదేశీ మారకము మూడు వారముల దిగుమతులకైనను చాలకుండెను. మే నెలలో 20 టన్నుల బంగారము స్విట్జర్లాండు బ్యాంకునకు, జూలైలో 47 టన్నుల వరకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు వద్దకు తరలిపోయెను. ఒంటిమీది బంగారమును కుదువపెట్టుట ఏమిటో తెలిసిన దేశమునకు ఆ వార్తను ఎవరును విడమరచి చెప్పవలసిన పని లేకపోయెను. రాజకీయములనుండి విరమించుకొనుటకు సిద్ధపడిన వంగర వాసి పి.వి. నరసింహారావు జూన్ 21న ప్రధాని అయ్యెను. జూలై 1, 3 తేదీలలో రూపాయి విలువ తగ్గింపబడెను. ఆ సంస్కరణల ఘనతను గురించి గ్రంథములు వ్రాయబడినవి కాని, ఆ జూలై బడ్జెట్టులో ఎరువుల ధర ఒక్కసారిగా 40 శాతము పెంచబడెననియు, రైతుల ఆగ్రహము చూచి దానిని 30కి దించి చిన్న రైతులను మినహాయింపవలసి వచ్చెననియు తలచుకొనువారు తక్కువ. కువైట్ యుద్ధపు పద్దులో ఒక భాగము ఆ విధముగా మన వరిచేలలో వసూలుకు వచ్చి, సగములో నిలిచిపోయినది.

ఈజిప్టులో రొట్టెను 'ఐష్' అందురు. ఆ మాటకు జీవితమనియు అర్థమే. ప్రపంచమున అత్యధికముగా గోధుమలు దిగుమతి చేసికొను దేశములలో అది మొదటి వరుసలోనిది. ఉక్రెయిన్ యుద్ధమునకు ముందు ఆ గోధుమలలో నూటికి ఎనుబది పాళ్లు రష్యా, ఉక్రెయినులవే. అచట దాదాపు ఏడు కోట్ల మందికి సబ్సిడీ రొట్టె అందుచున్నది. 1977 జనవరిలో అధ్యక్షుడు సాదత్ రొట్టె మొదలైన వాటి సబ్సిడీలను కోయబోగా నగరములు భగ్గుమని, రెండు దినములలోనే ఆయన ఆ ఉత్తర్వును వెనుకకు తీసికొనెను. ఆ భయము తరువాతి పాలకుల నరములలో ఇంకినది. ఒక రొట్టె ఐదు పియాస్టర్లనెడి ధర మూడు దశాబ్దములకు పైగా కదలలేదు. ఉక్రెయిన్ యుద్ధము వచ్చిన మొదటి సంవత్సరమున సహితము ప్రభుత్వము రొట్టెను ముట్టక, డాలరునకు పదహారు పౌండ్ల లోపున ఉన్న నాణెమును జారవిడిచెను. అది 2024 మార్చి నాటికి ఏబదికి చేరెను. ధర పెంచుట కనబడును. నాణెము కరగుట కనబడదు, అనగా తొలి నెలలో కనబడదు. తుదకు 2024 జూన్ 1వ తేదీన రొట్టె ధర ఐదు పియాస్టర్లనుండి ఇరువదికి పెరిగెను.

ఆ ఈజిప్టు పైననే రెండవ దెబ్బ పడుట కాలవైపరీత్యము. గాజా యుద్ధము మొదలైన పిదప, 2023 నవంబరునుండి యెమెన్ హూతీలు ఎర్రసముద్రములో ఓడలపై దాడులు ప్రారంభింపగా, పెద్ద నౌకాసంస్థలు సూయజు దారిని విడిచి ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి పోసాగెను. ప్రయాణము పది పదునాలుగు దినములు పెరిగెను. 2023లో 1,025 కోట్ల డాలర్లు ఆర్జించిన సూయజు కాలువ 2024లో 400 కోట్లను కూడ అందుకొనలేదు. తాను యుద్ధము చేయక, ఏ పక్షమునను చేరక, కేవలము దారి ప్రక్కన ఇల్లు కట్టుకొన్నందుకు ఒక దేశము చెల్లించిన సుంకము ఇది. ఆ లోటును పూడ్చుటకు మధ్యధరా తీరమున రాస్ అల్ హిక్మా అను ప్రదేశమును అభివృద్ధి పేరిట ఎమిరేట్ల పెట్టుబడికి అప్పగించి 3,500 కోట్ల డాలర్ల ఒప్పందము చేసికొనవలసి వచ్చెను.

అయితే యుద్ధమును సాకుగా వాడుకొను ప్రభుత్వముల విషయమున జాగరూకత అవసరము. శ్రీలంక పతనమునకు ఉక్రెయిన్ యుద్ధమును కారణముగా చెప్పినవారు కొందరు. చమురు ధర పెరిగిన మాటయు, 2022 ఆరంభమున అధికముగా వచ్చుచుండిన రష్యా, ఉక్రెయిన్ యాత్రికులు ఆగిపోయిన మాటయు నిజములే. కాని 2019 చివర పన్నులను యథేచ్ఛగా తగ్గించినది ఎవరు? 2021లో ఒక్క కలము పోటుతో రసాయనిక ఎరువులను నిషేధించి పంటను పాడుచేసినది ఎవరు? 2022 ఏప్రిల్ 12న ఆ దేశము విదేశీ రుణములు చెల్లింపజాలనని ప్రకటించెను. జూలై 9న జనము అధ్యక్ష భవనములో చొరబడెను. నాలుగు దినములకు గోటబయ రాజపక్స దేశము విడిచిపోయెను. ఎండిన ఇంటికి నిప్పురవ్వ చాలును. ఇంటిని ఎండబెట్టినవాడు రవ్వను నిందించుట మాత్రము న్యాయము కాదు.

ధనిక దేశములు తప్పించుకొనెనా యన్నచో జర్మనీ వైపు చూడవలెను. 2021లో ఆ దేశము దిగుమతి చేసికొన్న సహజవాయువులో 55 శాతము రష్యాది. ఆ చౌక వాయువే రసాయన, గాజు, ఉక్కు పరిశ్రమలకు పునాదియై, అమ్మువాడు కొనువానిపై ఆధారపడును గనుక యుద్ధము రాదనెడి ఒక సిద్ధాంతమునకు సహితము పునాది అయ్యెను. మెగావాటు గంటకు ఇరువది యూరోల ప్రాంతమున ఉండుట వాడుకైన వాయువు ధర 2022 ఆగస్టు చివర 340 యూరోల దరికి ఎగసెను. సెప్టెంబరు 26న బాల్టిక్ సముద్రగర్భమున నార్డ్ స్ట్రీము గొట్టములు ప్రేలుళ్లకు పగిలెను. ప్రభుత్వ కార్యాలయములలో 19 డిగ్రీలకు మించి వెచ్చదనము కూడదని ఉత్తర్వు వచ్చెను. స్నానము త్వరగా ముగింపుడని మంత్రిగారు హితవు పలికిరి. ఛాన్సలరు ఓలాఫ్ షోల్జ్ 20,000 కోట్ల యూరోల రక్షణ కవచమును ప్రకటించెను; విల్‌హెల్మ్స్‌హాఫెన్ తీరమున ద్రవవాయువు దించు రేవు పది నెలలలో సిద్ధమయ్యెను. చలికాలము గడచినది, ఎవరును గడ్డకట్టి చావలేదు. పరిపాలన దృష్టితో చూచిన ఇది ప్రశంసనీయమైన కార్యమే.

కాని అప్పు పద్దు మిగిలినది. 2023 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానము 6,000 కోట్ల యూరోల నిధి మళ్లింపును కొట్టివేయగా, అత్యవసర నిధుల మార్గమే మూతపడి, వాయువు, విద్యుత్తు ధరల ఊరట ఆ సంవత్సరాంతముననే ముగిసెను. లోటు పూడ్చుటకై రైతుల డీజిలు రాయితీని కోయబోగా 2024 జనవరిలో ట్రాక్టర్లు వచ్చి బెర్లిన్ నడివీధిని నింపెను. లుడ్విగ్స్‌హాఫెన్‌లోని ప్రసిద్ధ రసాయన కర్మాగారము తన అమ్మోనియా విభాగములలో ఒకదానిని మూసివేయనిశ్చయించెను. 2023లోను, 2024లోను ఆర్థిక వ్యవస్థ పెరుగుటకు మారు కొంచెము క్రుంగెను. బడ్జెట్టు తగవులోనే 2024 నవంబరు 6న షోల్జ్ తన ఆర్థిక మంత్రిని తొలగింపగా సంకీర్ణము విచ్ఛిన్నమయ్యెను. 2025 ఫిబ్రవరి ఎన్నికలలో, వలసలను ద్వేషించుచు రష్యా వాయువును మరల తెమ్మను తీవ్ర మితవాద పక్షము, నాలుగేండ్ల క్రిందట పది శాతమునకు కొంచెము మించిన తన ఓట్లను 20.8 శాతమునకు పెంచుకొని రెండవ స్థానమున నిలిచెను. ఆ పక్షపు విజయమునకు వాయువు ఒక్కటే కారణము కాదు. వలసల భయము అంతకంటె పెద్దది కావచ్చును. అయినను, తప్పిపోయిన విపత్తుకై కృతజ్ఞతతో ఓటు వేసిన ప్రజలను నేనెచటను చూడలేదు. చేతికి వచ్చిన బిల్లును చూచి ఓటు వేసినవారినే చూచితిని.

పోలండు గతి మరియొక రీతిది. ఉక్రెయిన్ శరణార్థులకు ఇంటి తలుపులు తెరచిన ఆ పోలండులోనే, చౌకగా వచ్చి పడిన ఉక్రెయిన్ ధాన్యమును చూచి రైతులు సరిహద్దు దారులను నిర్బంధించిరి. 2023 ఏప్రిల్‌లో ప్రభుత్వము ఆ ధాన్యపు దిగుమతిని ఆపివేసెను. అతిథిపై ప్రేమ ఒకటి, అతిథి బస్తాపై ప్రేమ మరియొకటి.

ఇక యుద్ధము చేయువాని ఇంటిలోనికి తొంగి చూచెదము. 2023 డిసెంబరు 14న అధ్యక్షుడు పుతిన్ వార్షిక ప్రశ్నోత్తర కార్యక్రమములో ఒక పింఛనుదారు స్త్రీ కోడిగ్రుడ్ల ధరలు మండిపోవుచున్నవని మొరపెట్టుకొనగా, ఆయన క్షమాపణ చెప్పుకొనెను. నగరములను నేలమట్టము చేసినందుకు చెప్పని క్షమాపణ గ్రుడ్లకు చెప్పవలసి వచ్చుట రాజకీయ శాస్త్ర విద్యార్థులు గుర్తుంచుకొనదగిన విషయము. రష్యాకు చెందిన 30,000 కోట్ల డాలర్ల నిల్వలు విదేశములలో స్తంభించినను దాని ఆర్థిక వ్యవస్థ కూలలేదు. తుపాకుల కర్మాగారములు మూడు పూటల పనిచేయుచు, నిరుద్యోగము మూడు శాతము లోపునకు దిగెను. కాని పనివారు సైన్యమునకో, ఆయుధశాలకో పోగా గ్రుడ్లు పెట్టించువాడు, బస్సు నడుపువాడు దొరకలేదు, ధరలు పెరిగెను, 2024 అక్టోబరులో కేంద్ర బ్యాంకు వడ్డీని 21 శాతము చేసెను. సేనలో చేరువానికి ఇచ్చు బహుమానపు సొమ్ము ఏటేట పెరిగెను. సహాయకుల పనియని నమ్మించి విదేశీయులను సైతము లాగిరి. అట్లు పోయిన హైదరాబాదు యువకుడొకడు మరణించినట్లు 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయము ధ్రువపరచెను. అతని తల్లిదండ్రులకు సంబంధించినంతవరకు ఈ యుద్ధము ధరవరల విషయము కాదు.

గాజాను గురించి ద్రవ్యోల్బణము, వృద్ధిరేటు అను పదములతో మాట్లాడుట నాకు చేతకాదు. 2024లో అచటి ఉత్పత్తి నూటికి ఎనుబది పాళ్లకు మించి నశించినదను లెక్క ప్రపంచ బ్యాంకు వ్రాసికొన్నది, అంతే. ఇజ్రాయేలును గురించి ఒక్క విషయము చెప్పుదును. పాలస్తీనా కూలీల అనుమతులను రద్దు చేసిన పిదప ఆ దేశపు గృహనిర్మాణము ఆగిపోయెను. ఆ ఖాళీలను నింపుటకు భారతదేశములో తాపీ పనివారిని, ఇనుప చువ్వలు వంచువారిని పరీక్షించి ఎంపిక చేసికొనిరి. నెలకు లక్షా ముప్పదివేల రూపాయలకు మించిన కూలి యని విని యుద్ధభూమికి బయలుదేరినవారిలో తెలంగాణ యువకులును కలరు. ఇచట పని దొరకమి అచటి క్షిపణుల కంటె వారికి భయంకరముగా తోచినది కాబోలు.

మన ప్రభుత్వపు నిర్ణయములలో మొట్టమొదట తలచదగినది గోధుమల ఉదంతము. యుద్ధము మొదలైన తొలి వారములలో ప్రపంచమునకు అన్నము పెట్టగలమని మనవారు ఉత్సాహముతో పలికిరి. మార్చిలో వడగాలులు వీచి గింజ వడలినది. 2022 మే 12న, గోధుమలు అమ్ముటకై తొమ్మిది దేశములకు ప్రతినిధి బృందములను పంపెదమని ప్రకటన వెలువడెను. మరునాటి రాత్రి, మే 13న, గోధుమల ఎగుమతిని నిషేధించుచు ఉత్తర్వు వెలువడెను. మద్దతు ధరకు మించి బయటి విపణిలో లాభము చూచుచుండిన రైతుకు ఆ లాభము అంతటితో సరి. పట్టణములలో గోధుమపిండి కొనువాని కొరకు రైతు మోసిన ఈ బరువునకు పన్ను అని పేరు లేదు. బడ్జెట్టులో పద్దు లేదు. పార్లమెంటులో చర్చ లేదు. 2023 జూలై 20న బాసుమతి కాని తెల్ల బియ్యమునకును ఇదే గతి పట్టెను. ప్రపంచ బియ్యపు వ్యాపారములో ఇంచుమించు నలుబది శాతము మనది. ఉక్రెయిన్ ధాన్యమును ఓడలపై పోనిచ్చిన నల్లసముద్రపు ఒప్పందమునుండి రష్యా వైదొలగి అప్పటికి మూడు దినములే. మన నిషేధపు వార్త విని అమెరికాలోని తెలుగు కుటుంబములు భారతీయ దుకాణములలో సోనా మసూరి సంచులకై వరుసలు కట్టిరి. మన యిండ్లలో ఆ దృశ్యములను చూచి కొందరు నవ్విరి. సెనెగల్ వంటి దేశములలో నవ్వినవారు ఉండరు. అచటి వారికి బియ్యము అలవాటు కాదు, ఆకలి.

ఎరువుల విషయమున ప్రభుత్వము భిన్నముగా నడచినది, ఇది దాని పక్షమున చెప్పవలసిన మాట. 2022–23 బడ్జెట్టులో 1,05,000 కోట్ల రూపాయలుగా అంచనా వేసిన ఎరువుల సబ్సిడీ సంవత్సరాంతమునకు 2,51,000 కోట్లు దాటెను. అనగా వాయువు, పొటాషుల ధరలు పెరిగినప్పుడు ఆ పెంపు రైతు బస్తా మీద పడకుండ ఖజానా అడ్డము నిలిచెను. 1991 జూలై జ్ఞాపకమునకు వచ్చి యుండవచ్చును. కాని సబ్సిడీ ధరను నిలుపగలదు గాని సరకును పుట్టింపజాలదు. 2025 ఆగస్టులో, చైనా ఎగుమతులకు కళ్లెము వేసి, ఎర్రసముద్రపు దారి చుట్టై, రామగుండము కర్మాగారమున ఉత్పత్తికి అంతరాయము కలిగి, తెలంగాణ పల్లెలలో యూరియా అరుదైపోయెను. సహకార సంఘముల ముందు తెల్లవారుజాముననే వరుసలు. రైతులు నిలువలేక తమ స్థానములలో చెప్పులను, పట్టాదారు పాసుపుస్తకములను పెట్టి, చెట్టు నీడకు పోయి కూర్చుండిరి. కేంద్రము రాష్ట్రమును నిందించెను, రాష్ట్రము కేంద్రమును నిందించెను. సెప్టెంబరు 9 నాటి ఉపరాష్ట్రపతి ఎన్నికలో భారత రాష్ట్ర సమితి సభ్యులు యూరియా కొరతకు నిరసనగా ఓటు వేయకుండిరి. ఎచటి ఎర్రసముద్రము, ఎచటి ఉపరాష్ట్రపతి పీఠము!

ఆ సంవత్సరమే నేను భీమవరము దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టున కొంతసేపు కూర్చుంటిని. సాయంకాలము, ఏరియేటర్లు నీటిని చిలుకుచుండెను, రైతు చెక్ ట్రేను పైకి లాగి మేత ఎంత మిగిలినదో వ్రేలితో కదపి చూచుచుండెను. పట్టుబడికి ఇంకను పది దినములున్నవి. ఆగస్టు 27నుండి అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతము చేసినది. అందు సగము రష్యా చమురును కొన్నందుకు విధించిన దండన. పూర్వమున్న ఇతర సుంకములను కలిపిన రొయ్యకు అది అరువది శాతమునకు దగ్గరగా వచ్చెను. మన సముద్రోత్పత్తుల ఎగుమతి 2024–25లో రమారమి 62,000 కోట్ల రూపాయలు. అందు పెద్ద భాగము రొయ్య, రొయ్యకు పెద్ద అంగడి అమెరికా, ఆ రొయ్యలో అధికభాగము ఆంధ్ర తీరమునుండి పోవునది. మన పోటీదారైన ఈక్వెడారుపై సుంకము అప్పుడు 15 శాతమే. "కౌంటు బాగానే వచ్చిందండీ, ధరే రావట్లేదు" అనెను రైతు. కొంచెముసేపటికి ట్రేను నీటిలోనికి వదలుచు, "రష్యా నూనె కొన్నామని అమెరికావాడు జరిమానా వేశాడంట కదండీ. నేనెప్పుడు కొన్నానండీ రష్యా నూనె?" అనెను.

ఈ వ్యాసములో ఇంతకంటె సూటియైన ప్రశ్న లేదు. యుద్ధమునకు ముందు మన ముడిచమురు దిగుమతిలో రెండు శాతము లోపునే ఉన్న రష్యా వాటా రెండేండ్లలో మూడవ వంతు దాటినది. తక్కువ ధరకు దొరకు చమురును కొనుట దేశమునకు హితమే. ఒకరు చెప్పిరని మానుకొనవలసిన పని లేదు. నేను ఆ విధానమును తప్పుపట్టను. నా ఆక్షేపణ అంతయు పంపకమును గురించి. రాయితీ లాభము శుద్ధి కర్మాగారములకు పోయెను. దండన రొయ్య రైతుకు, తిరుప్పూరు కుట్టుపని వానికి, సూరత్ వజ్రపు సానపట్టు వానికి వచ్చెను. లాభము ఒక ఖాతాలోను, జరిమానా మరియొక ఖాతాలోను వ్రాయు చిట్టాను మన పల్లెలలో వడ్డీవ్యాపారి వ్రాసినను పంచాయతీకి ఈడ్తురు.

వాహనము నడుపువానికైనను ఆ రాయితీ అందెనా యని అడుగవచ్చును. తేదీలు వరుసగా చెప్పెదను. 2021 నవంబరునుండి 2022 మార్చి 21 వరకు, ప్రపంచమున చమురు ధర ఎగయుచున్నను, పెట్రోలు ధర పైసాయైనను పెరుగలేదు. ఉత్తరప్రదేశ్ మొదలైన రాష్ట్రముల ఎన్నికల ఫలితములు మార్చి 10న వచ్చెను. మార్చి 22న మొదలై దాదాపు ప్రతిదినమును పెరిగి, హైదరాబాదులో లీటరు 119 రూపాయలు దాటెను. మే నెలలో కేంద్రము ఎక్సైజు సుంకము తగ్గింపగా 109 రూపాయల 66 పైసలకు దిగెను. రెండు తెలుగు రాష్ట్రములును తమ వ్యాట్‌ను తగ్గింపలేదు. ఆ ధర అచటనే నిలిచెను. 2022 జూన్‌లో బ్యారెలు 116 డాలర్లుండిన మన ముడిచమురు సగటు వెల 2023–24లో 83 డాలర్లకు దిగినను నిలిచెను. తొలుత నష్టపడిన మూడు ప్రభుత్వ చమురు సంస్థలు ఆ సంవత్సరము రమారమి 81,000 కోట్ల రూపాయల లాభము గడించినను నిలిచెను. 2024 మార్చి 15 ఉదయము ఆరు గంటలకు లీటరునకు రెండు రూపాయలు తగ్గెను. మరునాడు, మార్చి 16న, ఎన్నికల సంఘము లోక్‌సభ ఎన్నికల తేదీలను ప్రకటించెను.